నిమ్మకాయ ముందు, సీసా తర్వాత

ఇంట్లో కాక్‌టెయిల్ కలుపుకోవాలని సరదాపడేవాళ్ళు మొదట అడిగేది ఏ రమ్ము కొనాలి, ఏ జిన్ను మంచిది అని. జవాబులకు కొదవ లేదు. పత్రికలు సీసాలను వరసగా నిలబెట్టి, మార్కులు వేసి, ఏది కొనాలో తేల్చి చెబుతాయి. అయితే క్లాసిక్ అని పేరుపడ్డ పానీయాల్లో చాలావరకు మూడు నాలుగు వస్తువులతో అయ్యేవే. వాటిలో మద్యం ఒకటి. తక్కినవి పులుపు, తీపి, నీరు, సుగంధ ద్రవ్యం. ఈ తక్కినవాటి మధ్య ఉన్న తేడాలను కూడా అంతే శ్రద్ధగా చూసిన రాతలు తక్కువ. గ్లాసులో రుచి తేలేది మాత్రం ఎక్కువగా వాటి దగ్గరే. ఈ సంగతి పరీక్షించడానికి కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం కంటే తగిన చోటు నాకు తోచలేదు. పేరున్న బార్లు అక్కడ లేవు. కానీ కాక్‌టెయిల్‌లో మద్యం కాకుండా ఏమేం కావాలో అవన్నీ చుట్టుపక్కల జిల్లాల్లోనే పండుతాయి, వండుతారు, సీసాల్లో నింపుతారు.

మదురై నుంచి కన్యాకుమారి వెళ్ళే జాతీయ రహదారి మీద, గంట ప్రయాణం ఎడంలో ఉన్న ఊళ్ళివి. మధ్యలో సాత్తూరు. తమిళులు కరిసల్ అని పిలిచే నల్లరేగడి నేల. అగ్గిపెట్టెల పరిశ్రమ, పత్తి మిల్లులు, పల్లీ చిక్కీ. ఇక్కడి పల్లెల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నాయి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ అలాంటి ఇంటి మనిషే. తెలుగు నేల విడిచి దక్షిణానికి నడిచివచ్చిన వాళ్ళ కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ కుటుంబాల వంటిళ్ళలో శ్రీరామనవమి నాడు పానకం కలపడం కొత్త కాదు. బెల్లం, నీళ్ళు, శొంఠి, ఏలకులు, మిరియాలు మనకు తెలిసినవే. తమిళ దేశంలో అందులోకి నిమ్మరసమో చింతపండు పులుసో కూడా పడుతుంది.

పానకం ప్రస్తావన పండగ కోసం తేలేదు. కాక్‌టెయిళ్ళన్నిటికీ పూర్వరూపం పంచ్. అందులో ఉండేవి మద్యం, పులుపు, తీపి, నీరు, సుగంధ ద్రవ్యం. ఆ పానీయం పేరు కనిపించే అతి పాత ఇంగ్లీషు రాత 1632 నాటి ఉత్తరం. ఈస్టిండియా కంపెనీకి పనిచేసిన రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన పెట్టపోలిలో ఉన్న తోటి వర్తకుడికి రాశాడు. పెట్టపోలి అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ అక్కడ ఆగాకే మచిలీపట్నం వెళ్ళింది. ఆ ఇంగ్లీషు నావికులు, గుమాస్తాలు ఈ తీరాన దొరికే సారాయిలో నిమ్మకాయ, బెల్లం కలుపుకుని తాగారన్నది సహజమైన ఊహ. రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే, నిమ్మరసం పిండిన పానకానికీ పంచ్‌కీ ఉన్న తేడా మద్యం ఒక్కటే. ఐదింట నాలుగు పాళ్ళ విద్య మన ఇళ్ళలో ముందే ఉంది. ఐదో దాని మీదే డబ్బంతా ఖర్చవుతోంది.

ఇక నిమ్మకాయ. మన ఊళ్ళలో నిమ్మ అంటే చిన్నగా, గుండ్రంగా, పల్చని తొక్కతో, గింజలతో ఉండే కాయ. కోవిల్‌పట్టి సంతకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం పశ్చిమాన ఉన్న పుళియంగుడి నుంచి వస్తుంది. మనకు గూడూరు మార్కెట్ ఎలాగో దక్షిణ తమిళనాడుకు పుళియంగుడి అలా. లండన్, న్యూయార్క్ బార్లలో వాడేది వేరే జాతి. తహితి నిమ్మ అంటారు, పెద్దది, గింజలు ఉండవు, పులుపులో పదును తక్కువ, వాసన కూడా కొంచెం మందం. క్యూబాలో 1898 ప్రాంతంలో రమ్ము, నిమ్మరసం, పంచదార కలిపే డైకిరీ పుట్టినప్పుడు అక్కడి తోటల్లో ఉన్నది మన నిమ్మే. ఆసియా నుంచి అరబ్బులు, స్పెయిన్ వాళ్ళ చేతుల మీదుగా కరీబియన్ చేరిన కాయ అది. అంటే పాత పుస్తకాల్లోని కొలతలు రాసింది మన నిమ్మను నాలుక మీద ఉంచుకునే. కోవిల్‌పట్టి కూరగాయల కొట్లో దొరికే కాయతో కలిపిన డైకిరీ, ఖరీదైన విదేశీ బారులో ఇచ్చే డైకిరీ కంటే అసలుకు దగ్గరగా ఉంటుంది. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు. రెండు కాయలూ కోసి వాసన చూస్తే తెలుస్తుంది.

ఈ కాయకు ఒక చిక్కుంది, రసం తక్కువ. బాగా పండిన పెద్ద కాయ పిండితే 15 మి.లీ. వస్తే గొప్ప. 60 మి.లీ. మద్యానికి 22 మి.లీ. రసం కావాలంటే రెండు కాయలు పిండాలి. ఎండాకాలంలో ధర ఆకాశానికి వెళ్ళినప్పుడు జనం సీసాలో వచ్చే నిమ్మరసం వైపు చూస్తారు. ఆ సీసాలను పోల్చి చూడడం వల్ల లాభం లేదు. నిలవ కోసం కలిపిన మందు రుచి అన్నిట్లోనూ ఉంటుంది, తొక్కలోని నూనె వాసన దేంట్లోనూ ఉండదు. పిండిన రసమైనా ఆ పూటకే పనికొస్తుంది, రాత్రి పిండి మర్నాడు వాడితే చేదెక్కుతుంది. జిన్నులో నిమ్మ పాకం కలిపే గిమ్లెట్ ఒక్కటే దీనికి మినహాయింపు. 1867లో లాక్లన్ రోజ్ మద్యం కలపకుండా నిమ్మరసాన్ని పంచదారతో నిలవ ఉంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ పాకం రుచి మీదే గిమ్లెట్ నిలబడింది. ఆ సీసా దొరక్కపోతే నిమ్మ తొక్కలను పంచదారలో రాత్రంతా నానబెట్టి, పొద్దున రసం పోసి కరిగిస్తే సరిపోతుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

తీపి దగ్గరికి వస్తే ఈ నేల మరీ గొప్పది. పంచదార పాకంలో బ్రాండు తేడాలు వెతకడం వృథా, ఏ పంచదారైనా పంచదారే. బెల్లం అలా కాదు. అనకాపల్లి బెల్లం తిన్న నాలుకకు చెప్పనక్కర్లేదు. మరీ తెల్లగా, పసుపుగా మెరిసే అచ్చును రసాయనంతో రంగు తేల్చి ఉంటారు, ముదురు రంగు అచ్చులోనే వాసన ఉంటుంది. ఇక తాటిబెల్లం, తమిళులు కరుపట్టి అనేది, వేరే లోకం. తూత్తుకుడి జిల్లా ఉడన్‌గుడి కరుపట్టికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు, 2020లో, కోవిల్‌పట్టి కడలై మిఠాయికి, అంటే పల్లీ చిక్కీకి, వచ్చింది. తాటి గెలలకు కట్టిన కుండలకు లోపల సున్నం పూస్తారు, లేకపోతే ఎండెక్కేలోపే నీరు పులిసి కల్లవుతుంది. ఆ తియ్యని పదనీరును పొయ్యి మీద గంటల తరబడి మరిగించి, కొబ్బరి చిప్పల్లో పోసి ఆరబెడతారు. అందుకే ముద్ద అడుగు గుండ్రంగా ఉంటుంది. పొగ వాసన, కాస్త ఉప్పదనం, వెనక ఎక్కడో కాల్చిన గింజల రుచి.

అసలైన కరుపట్టిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. పంచదార కలిపిన సరుకు అంగళ్ళలో చాలా తిరుగుతుంది. అది గట్టిగా ఉంటుంది, విరిస్తే లోపల పలుకులు మెరుస్తాయి, నోట్లో వేసుకుంటే తీపి ఒక్కసారిగా వచ్చి వెంటనే పోతుంది. అసలుది మెల్లగా కరుగుతుంది, ఉప్పదనం మిగులుతుంది. ఏదైనా సరే నీళ్ళలో కరిగించి, గుడ్డలో వడకట్టి, అడుగున దిగిన ఇసుక వదిలేసి వాడాలి. బరువుకు బరువు నీళ్ళు పోసి కాచిన పాకం ఫ్రిజ్‌లో వారం పది రోజులు నిలవుంటుంది. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే పానీయానికి ఇంతకంటే మంచి తీపి నాకు తెలియదు. కానీ డైకిరీలో వేయకూడదు, పొగ వాసన నిమ్మను మింగేస్తుంది. ముదురు రంగు మద్యానికి తాటిబెల్లం, తెల్ల మద్యానికి పంచదార అని లెక్క పెట్టుకుంటే పొరపాటు పడం.

తీపిలోనే చెప్పాల్సింది నన్నారి. మన సుగంధిపాల. రాయలసీమలో ఎండాకాలం బండ్ల మీద అమ్మే షర్బత్తు ఇదే, మదురై జిగర్‌తండాలో పాలకు, బాదం బంకకు తోడయ్యేదీ ఇదే. వేరులోని ఆ వాసనకు మూలం వెనిల్లా సారానికి అతి దగ్గర చుట్టమైన ఒక పదార్థం. సూత్రం ఒకటే, అణువులో ముక్కల అమరిక మారింది. అందుకే నన్నారి వాసనలో వెనిల్లా ఛాయ కనిపిస్తుంది. ఇక్కడ బ్రాండు నిజంగా లెక్కలోకి వస్తుంది. చౌక సీసాల్లో వేరు ఉండదు, ఎసెన్సూ రంగూ ఉంటాయి. అట్ట మీద వస్తువుల జాబితాలో వేరు పేరు లేని సీసాను తీసిపెట్టేయడం మంచిది. వీలైతే నాటుమందుల కొట్లో ఎండువేళ్ళు కొని, దంచి, రాత్రంతా నీళ్ళలో నానేసి, ఆ నీళ్ళతో పాకం పట్టాలి. వేళ్ళను మరిగించొద్దు, వాసన ఆవిరైపోతుంది. నన్నారి పాకం, నిమ్మరసం, సోడా, చిటికెడు ఉప్పు కలిస్తే మద్యం ఊసు లేకుండానే పెద్దవాళ్ళు మెచ్చే పానీయం అవుతుంది. అందులో జిన్ను పోస్తే బాగుంటుంది, పోయకపోయినా వెలితి ఉండదు.

నీటి గురించి జనం ఆలోచించరు. షేకర్‌లో మంచుతో కుదిపిన పానీయంలో దాదాపు పావు వంతు ఆ మంచు కరిగిన నీరే. నల్లరేగడి నేలలోని బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో మంచు పెడితే పానీయమంతా చెడుతుంది. కోవిల్‌పట్టి తాగేది తామ్రపర్ణి నీళ్ళు. చిక్కీ రుచికి ఆ నీళ్ళే కారణమని ఊరి నమ్మకం. మంచుకీ అవే వాడాలి. ఇంటి ఫ్రిజ్‌లో మంచు ముక్కలు చిన్నవి, తడిసినట్టుండి త్వరగా కరుగుతాయి. స్టీలు గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి పగలగొట్టుకున్న పెద్ద ముక్కలు మేలు.

సోడాకి వస్తే బ్రాండు కంటే చల్లదనం ముఖ్యం. మామూలు ఒత్తిడిలో లీటరు నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర లీటరున్నరకు పైగా కార్బన్ డయాక్సైడును పట్టి ఉంచుతాయి. 25 డిగ్రీలకు అది ముప్పావు లీటరుకు పడిపోతుంది, 40 డిగ్రీల మే నెలలో సగం లీటరే. గది వేడిలో ఉన్న సోడా సీసా మూత తీసి మంచు మీద పోసినవాళ్ళు బుడగలన్నీ గాలిలోకి వదిలేసినట్టే. హిరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన గోలీ సీసా ఇంగ్లండులో మాయమైంది కానీ మన దక్షిణాదిలో ఇంకా బతికే ఉంది. గోలీని మూతికి అదిమిపెట్టేది లోపలి ఒత్తిడే కాబట్టి, గ్యాసు చాలని సీసా సరిగా మూసుకోదు. ఆ రకంగా గోలీ సోడా తన నాణ్యతకు తానే హామీ.

విరుదునగర్ పేరు చెప్పగానే దక్షిణ తమిళనాడులో చాలామందికి గుర్తొచ్చేది కాళీమార్క్. 1916లో పి.వి.ఎస్.కె. పళనియప్ప నాడార్ ఈ ఊళ్ళోనే మొదలుపెట్టిన సోడాల వ్యాపారం. 1950ల చివర్లో వచ్చిన బొవొంటో వాళ్ళ పేరు నిలబెట్టింది. ముదురు రంగు, ద్రాక్ష వాసన, కోలాలో ఉండే మసాలా ఘాటు లేకుండా మెత్తగా దిగే తీపి. కోనసీమ, గోదావరి వాళ్ళకు రామచంద్రపురం ఆర్టోస్ ఎలాంటిదో వీళ్ళకు బొవొంటో అలాంటిది. 1990లలో విదేశీ కోలాలు వచ్చి దేశంలో ఊరి సోడాలెన్నిటినో తుడిచిపెట్టాక కూడా రెండూ మిగిలాయి. 2017లో జల్లికట్టు ఉద్యమం వెనకే తమిళనాడు వర్తక సంఘాలు మార్చి 1 నుంచి పెప్సీ, కోక్ అమ్మకూడదని పిలుపునిచ్చినప్పుడు జనం చూపు మళ్ళీ బొవొంటో మీద పడింది.

రమ్ము, కోలా, నిమ్మ కలిస్తే క్యూబా లిబ్రే. కోలా బదులు బొవొంటో పోస్తే ఏమవుతుంది? అదే కొలతలతో పోస్తే చెడుతుంది. కోలాలో ఆమ్లం ఘాటు ఉంటుంది, అది తీపిని పట్టి ఉంచుతుంది. బొవొంటోలో ద్రాక్ష తీపి ముందుకొస్తుంది, రమ్ములోని మొలాసిస్ వాసనతో కలిసి నోరంతా బరువెక్కుతుంది. నిమ్మ రెట్టింపు చేసి, బొవొంటో సగానికి తగ్గించి, మిగతా సగం ఉత్త సోడా పోస్తే అప్పుడు తన సొంత రుచి బయటపడుతుంది. నా ఓటు మాత్రం బ్రాందీతో. ద్రాక్షకు ద్రాక్ష తోడు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం వాళ్ళు ఓల్డ్ ఫ్యాషన్డ్‌ను విస్కీతో కాక బ్రాందీతో చేసి, పైన నిమ్మ సోడా నింపుతారు. ప్రపంచమంతా విస్కీ వాడుతున్నా వాళ్ళు మానలేదు. బ్రాందీని ఎక్కువగా తాగే తమిళనాడుకు ఆ దారి సరిగ్గా అతుకుతుంది.

అట్లా మద్యం దగ్గరికి వచ్చాం. తమిళనాడులో చిల్లర మద్యం అమ్మేది ప్రభుత్వ సంస్థ టాస్మాక్ ఒక్కటే. 1983లో ఏర్పడింది, 2003 నుంచి దుకాణాలన్నీ దానివే. కాబట్టి ఈ ఊళ్ళలో బ్రాండు ఎంపిక అంటే కౌంటరు వెనక ఆ రోజు ఏముందో అదే. దొరికేవాటిలో ఎక్కువ భాగానికి పునాది మొలాసిస్ నుంచి తీసిన రుచీ వాసనా లేని ఆల్కహాలు. దాని మీద రంగు, పరిమళం, కొద్దిపాటి ధాన్యపు లేదా ద్రాక్ష మద్యం. ఈ తరహా విస్కీని యూరప్‌లో విస్కీ అని అమ్మనివ్వరు. అందుకని చౌక సీసాల్లో విస్కీకీ బ్రాందీకీ తేడా అట్ట మీద ఉన్నంత గ్లాసులో ఉండదు. అన్నిటికీ బలం దాదాపు ఒకటే, 42.8 శాతం. నిమ్మ, బెల్లం కలిపాక మధ్యతరగతి ధరలోని మూడు బ్రాండుల మధ్య తేడా చెప్పగలిగిన నాలుకలు అరుదు. రమ్ము దగ్గర మాత్రం మొలాసిస్ తన ఇంట్లో తానున్నట్టే. 1954 నుంచి వస్తున్న ఓల్డ్ మంక్ లాంటి నిలవపెట్టిన ముదురు రమ్ముకు తనదైన రుచి ఉంది, ధరా భరించేదే. ఒక్క సీసాతో మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది అదే. బెంగుళూరు అమృత్ లాంటి సింగిల్ మాల్ట్ కొని నిమ్మరసంలో ముంచడం దండగ, అది నీళ్ళతోనే తాగాలి.

తక్కినవి త్వరగా ముగిస్తాను. బిట్టర్స్ అనే చేదు చుక్కలు 1824 నుంచి అంగోస్తురా పేరుతో వస్తున్నాయి; ఒక్క సీసా ఏళ్ళు వస్తుంది కనుక పెద్ద ఊరికి వెళ్ళినప్పుడు కొనుక్కోవడం మేలు. అది లేనప్పుడు పానకపు దినుసులే అక్కరకొస్తాయి: పాకంలో ఒక లవంగం, దంచిన మిరియాలు, బోడినాయకనూరు ఏలక్కాయ. టానిక్ నీళ్ళలో ఒకప్పటి మలేరియా మందు క్వినైన్ ఇప్పుడు నామమాత్రం, బ్రాండుల మధ్య తేడా ఎక్కువగా తీపిలోనే. తక్కువ తియ్యనిది ఎంచుకోవాలి. మార్టినీకి కావలసిన వెర్మూత్ ద్రాక్షసారా జాతిది, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి నెలా రెండు నెలల్లో వాడేయాలి. అల్మరాలో ఏడాది ఉంచిన సీసాతో కలిపి మార్టినీ బాగోలేదనేవాళ్ళు తప్పు జిన్నుదనుకుంటారు.

పోల్చి చూసేటప్పుడు ఒకసారి ఒక్క వస్తువునే మార్చాలి. మద్యం, కొలత, మంచు, గ్లాసు అన్నీ అవే ఉంచి బెల్లం మార్చండి. మరోసారి అన్నీ అవే ఉంచి రమ్ము మార్చండి. ఏ గ్లాసులో ఏముందో తెలియకుండా ఇంకొకరి చేత అందించుకోండి. బెల్లం మారితే అందరూ పసిగడతారు. నిమ్మ నిలవదైతే మొదటి గుక్కకే తెలుస్తుంది. రమ్ము మారినప్పుడు వాదన మొదలవుతుంది.

అయినా బ్రాండు అక్కర్లేదని నేను అనడం లేదు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారాయి తాగి 60 మందికి పైగా చనిపోయారు. ముద్ర ఉన్న సీసా విలువ రుచిలో కంటే అక్కడ ఉంది. ఊరూ పేరూ లేని ద్రవాన్ని ఎంత మంచి నిమ్మరసమూ బాగుచేయదు. ముద్ర ఉన్న మద్యం కూడా ఒంటికి మేలు చేయదు. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. దూబగుంట ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడ్డ 1992ను చూసిన భాషలో ఈ విషయం తేలిగ్గా రాయలేం. నా మటుకు నేను మొదటి గ్లాసు మద్యం పోసి, రెండోది పోయకుండా కలపడాన్ని ఇష్టపడతాను. నాలుగు పాళ్ళు సరిగ్గా కుదిరితే ఐదోది లేని లోటు అంతగా కనిపించదు.

ఒక్క వస్తువు మాత్రం ఈ నేల మీద ఉండీ దొరకదు. తమిళనాడులో 1987 నుంచి కల్లుకు నిషేధం. తాటి కల్లు నుంచి తీసే మద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, శ్రీలంక కొబ్బరి కల్లుతో తీసిన అరక్కును విదేశాలకు ఎగుమతి చేస్తుంది. తూత్తుకుడి తాటిచెట్లకు ఆ దారి మూసి ఉంది. మూయడానికి కారణమైన ఇళ్ళ దుఃఖాన్ని తక్కువ చేయలేను. పాత పంచ్‌లో ఉన్న ఆ సారాయి రుచి తెలుసుకునే దారి కూడా దాంతోపాటే మూసుకుందనిపిస్తుంది. దానికి దగ్గరగా నేను చేరగలిగింది ఇది: ముదురు రమ్ము 45 మి.లీ., వడకట్టిన కరుపట్టి పాకం 20, పుళియంగుడి నిమ్మరసం 20, చల్లటి నీళ్ళు 60, దంచిన శొంఠి చిటికెడు. మంచుతో బాగా కలిపి, పైన నిమ్మ తొక్క నలిపి వేయాలి.